నూకాలిని వెనక వరసలో నిలబెట్టారు

"ఊరి జనమంతా వెనక వరసలోకి రండి, వెనక్కి, వెనక్కి" అని 'ఉప్పుకోట' సినిమా వేషాల పోటీలో మైకు పట్టుకున్న అమ్మాయి పిలిచినప్పుడు సాయిదుర్గ కదలలేదు. ఆ పిలుపు తనకు కాదనుకుంది. తను వేసుకొచ్చింది నూకాలి వేషం. మోకాళ్లపైకి బిగించి కట్టిన నీలం కోక, మెడలో గవ్వల తాడు, చేతిలో తుప్పు పట్టిన బరిసె. ఆ బరిసె కోసం ఆటోనగర్‌లో తను పనిచేసే స్పేర్ పార్టుల షాపు వెనక ఉన్న ఇనుప చెత్తంతా తిరగేసింది. 'ఉప్పుకోట' నవలలు చదివినవాళ్లు ఎవరైనా సరే, ఆ తుప్పు చూడగానే పోల్చుకుంటారని ఆమె ధీమా.

మైకు అమ్మాయి దగ్గరికొచ్చి భుజం తట్టింది. "మేడమ్, మిమ్మల్నే. ముందు వరస హీరోయిన్లది. మీది ఏ క్యారెక్టరు?"

"నూకాలి."

"అంటే?"

పక్కనున్న జడ్జి వంగి చెప్పాడు. "సినిమాలో నక్షత్ర ఉంది కదా, ఆమెకే పుస్తకంలో ఆ పేరు లెండి." తర్వాత సాయిదుర్గను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. "అలాగైతే కాస్త మేకప్ అయినా వేసుకుని రావలసిందమ్మా. నక్షత్ర ఇలా ఉండదు కదా."

కుర్చీల్లో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. సాయిదుర్గ "సరేనండి" అని వెనక వరసలోకి వెళ్లి నిలబడింది. బంగారు రంగు కవచం, చేతిలో నీలి లైటు వెలిగే కత్తితో వచ్చిన నిఖిత అనే అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. సాయిదుర్గకు 'ఉత్తమ గ్రామస్థురాలు' అని ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఆమె దాన్ని తీసుకుని, థాంక్స్ కూడా చెప్పి, బరిసె ఎవరికీ తగలకుండా పట్టుకుని బస్సులో పెదజాలరిపేట వచ్చేసింది. "ఎలగయ్యిందే?" అని తల్లి అడిగితే "బాగానే అయ్యిందమ్మా" అంది.

పుస్తకంలో ఉన్న మనిషిలా తయారై వెళితే, నువ్వు ఆ మనిషివి కాదన్నారు. దాన్ని ఆమె నోరెత్తకుండా భరించింది. ఎందుకు భరించిందంటే, అలా వెనక్కి జరగడం ఆమెకు కొత్త కాదు.

చిన్నప్పుడు ఆమె తల్లి గంగాలమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. సెలవుల్లో కూతుర్నీ వెంటబెట్టుకుపోయేది. శాఖా గ్రంథాలయం లైబ్రేరియన్ భీమశంకరరావు గారింట్లో చేపలు కోసిచ్చేంతసేపు పిల్లను పక్కనే ఉన్న లైబ్రరీ మెట్ల మీద కూర్చోబెట్టేది. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఆ పెద్దాయన ఒకరోజు "ఎండలో ఎందుకమ్మా, లోపలికొచ్చి కూర్చో" అన్నాడు. పేపరు చదువుకునేవాళ్లు నీచు వాసనని గొణిగారు. ఆయన పిల్ల స్టూలును కిటికీ పక్కకు మార్చాడు. ఆ కిటికీ కింది అరలో 'ఉప్పుకోట' అయిదు పుస్తకాలూ ఉన్నాయి.

మొదటి పుస్తకం మొదటి మాటలు ఇవి: "నూకాలి నలుపు. తడిసిన తాటిమానంత నలుపు. అందుకే రాత్రిపూట సముద్రం ఆమెను తనలో ముక్క అనుకునేది."

పుస్తకాల్లో అమ్మాయిలంటే సన్నజాజులే అనుకునే వయసులో ఆ పిల్ల ఈ వాక్యం దగ్గర ఆగిపోయి తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడు పట్టుకున్న కథను మళ్లీ వదల్లేదు. అమావాస్యకు నీళ్లలోంచి లేచే ఉప్పుకోట, అలల మాట వినగలిగే బెస్త పిల్ల, ఆమె తుప్పు బరిసె. సాయంత్రాలు తల్లి చేపలు ఉప్పులో వేస్తుంటే పక్కన కూర్చుని గట్టిగా చదివేది. గంగాలమ్మకు అక్షరం ముక్క రాదు. "ఆ సేనాధిపతిగాడు మంచోడు కాడే, సూడు, ఎనకనించి పొడుత్తాడు" అని ముందే చెప్పేసేది. నిజంగానే పొడిచేవాడు.

కథ రాసినావిడ కన్నుమూశాక హక్కులు సినిమావాళ్లకు వెళ్లాయి. నూకాలి నక్షత్ర అయ్యింది. బెస్త పిల్ల కాస్తా తప్పిపోయిన యువరాణి అయ్యింది. ఆ వేషం వేసిన నటి పాలమీగడలా ఉంటుంది. పుస్తకంలో నూకాలి మనుషులైన బెస్తవాళ్లు సినిమాలో తాగి తూలుతూ యువరాణి కాళ్ల మీద పడే హాస్యగాళ్లయ్యారు.

సినిమాకు తల్లిని కూడా తీసుకెళ్లింది సాయిదుర్గ. అదే పొరపాటయ్యింది. యువరాణి మోకాళ్ల దాకా బూట్లు వేసుకుని, టకటకలాడుతూ వచ్చి తెప్ప మీద కాలు పెట్టబోయింది. గంగాలమ్మ సీట్లోంచి లేచి, హాలంతా వినబడేలా కేకేసింది: "ఓలమ్మో, సెప్పులిప్పవే! తెప్ప మీదికి సెప్పుల్తో ఎక్కేత్తన్నావేటే!"

పేటలో ఎంత తొందరున్నా చెప్పులు ఒడ్డున వదిలే తెప్ప ఎక్కుతారు. అది గంగ తల్లి ఒడి అని వాళ్ల నమ్మకం. గంగాలమ్మకు తెర అన్న సంగతి గుర్తు లేదు. తప్పు జరిగిపోతోందన్నదే కనబడింది. వెనక కూర్చున్నవాడెవడో అప్పటికే ఫోను ఎత్తి తీశాడు. తెల్లారేసరికి గంగాలమ్మ ఊరందరి ఫోన్లలో ఉంది. 'ఉప్పుకోట కాపలాదారులు' అనే వాట్సాప్ గ్రూపులో ఆమె మొహంతో 'సెప్పులిప్పవే' అని స్టిక్కర్ కూడా తయారైంది. ఎవరు అతి చేసినా ఆ స్టిక్కరే పడేది. ఆ గ్రూపులో సాయిదుర్గ కూడా ఉంది. స్టిక్కర్‌లో ఉన్నది ఆమె తల్లేనని చాలామందికి తెలుసు.

గంగాలమ్మ మాత్రం పట్టించుకోలేదు. "నవ్వితే నవ్వనీ. బూట్లేసుకుని ఎక్కిన తెప్పకి సేప పడతాదేటి?"

ఆ గ్రూపుకు అడ్మిన్ గోపి. దువ్వాడలో ఉంటాడు, తండ్రి స్టీలుప్లాంటు ఉద్యోగి. 'ఉప్పుకోట' మీద వీడియోలు చేస్తాడు. చెడ్డవాడు కాదు. పుస్తకాలంటే ప్రాణం పెడతాడు. సినిమా వచ్చిన వారం అతని గ్రూపు అట్టుడికిపోయింది. కోటకు ఏడు ద్వారాలుంటే సినిమాలో నాలుగే చూపించారని ఒకడు కన్నీళ్లు పెట్టుకున్నాడు. తుప్పు బరిసె స్థానంలో నీలి లైటు కత్తి పెట్టారని ఇంకొకడు దర్శకుణ్ణి బూతులు తిట్టాడు. సేనాధిపతి గుర్రం పేరు మార్చినందుకు టిక్కెట్టు డబ్బులు వాపసు ఇవ్వాలని ఒక పెద్ద మనిషి పోరాటానికి దిగాడు. గుర్రం పేరు కోసం తెల్లవార్లూ కొట్టుకున్నారు. మనిషి పేరు మార్చేశారే, రంగు మార్చేశారే, పుట్టుకే మార్చేశారే అని ఒక్కరూ అనలేదు.

సాయిదుర్గ అంది. షాపులో క్లచ్ ప్లేట్ల బిల్లు కొడుతూ, మధ్యలో ఆగి, ఒకే ఒక్క మెసేజ్ పెట్టింది: "నూకాలి ఎందుకు నలుపు కాకుండా పోయింది?"

తర్వాత గోపి విడిగా ఫోన్ చేశాడు.

"సాయీ, నీ పాయింటు కరెక్టే. కానీ రంగు, కులం అంటే గ్రూపు రెండు ముక్కలవుతుంది. ఫాంటసీ కదా, లైట్ తీస్కో."

"గుర్రం పేరు లైట్ తీసుకోలేదు కదా గోపీ?"

"అది వేరే. అది కేనన్, అంటే ఆవిడ రాసిన అసలు కథ."

"నూకాలి కేనన్ కాదా?"

"అబ్బా, నువ్వు మరీను" అని ఫోను పెట్టేసి, ద్వారాలు ఏడా నాలుగా అని గ్రూపులో ఓటింగు పెట్టాడు.

దీన్ని కూడా మింగేసేదే. కానీ అంతలో ప్రచురణకర్తలు కొత్త కబురు చెప్పారు. పాత ముద్రణ ఇక ఉండదు, సినిమా బొమ్మలతో 'సినిమా ముద్రణ' వస్తుంది. పాత సెట్టు తెచ్చిచ్చినవాళ్లకు కొత్త సెట్టు ఉచితం. కుక్కర్లకూ మిక్సీలకూ ఉండే ఎక్స్ఛేంజ్ మేళా పుస్తకాలకూ వచ్చింది. లైబ్రరీలకు కూడా ఇదే పథకం. పాత పుస్తకాలు పోగుచేసే పని ఎవరిదయ్యా అంటే, 'ఉప్పుకోట కాపలాదారులది'. అందుకు ప్రతిఫలంగా కొత్త ముద్రణలో ధన్యవాదాల పేజీలో గ్రూపు పేరు అచ్చు వేస్తారు. గోపి ఆ వార్త పెడితే పూలు, బాణాసంచా, చప్పట్లు కురిశాయి.

బీచ్ రోడ్డులో ఒక హాల్లో విడుదల సభ. సాయిదుర్గ తన పాత మొదటి పుస్తకం చంకన పెట్టుకుని వెళ్లింది. ఇవ్వడానికి కాదు, పోల్చి చూసుకోవడానికి. కొత్త పుస్తకం తీసి మొదటి పేజీ తెరిచింది. "నక్షత్ర మేనిఛాయ పున్నమి వెన్నెల. అందుకే రాత్రిపూట సముద్రం ఆమెను చూసి పొంగేది."

సినిమా మార్చారంటే అది సినిమా అనుకోవచ్చు, పుస్తకం ఉందిలే అనుకోవచ్చు. ఇప్పుడు పుస్తకమే మారింది. పక్కనే పెద్ద అట్టపెట్టెల నిండా పాత సెట్లు. అట్టలు చిరిగినవి, పేజీల్లో నెమలీకలు పెట్టినవి, మొదటి పేజీలో పిల్లల పేర్లు రాసుకున్నవి. ఒక దాని మీద శాఖా గ్రంథాలయం ముద్ర కనబడింది. కిటికీ కింది అరలోంచి వచ్చిన పుస్తకమే అది. భీమశంకరరావు గారు రిటైరై చాలాకాలమైంది. ఇప్పుడున్నవాళ్లకు కొత్త అట్టలు ముద్దు.

సాయిదుర్గ చెయ్యి ఎత్తింది. ప్రచురణ సంస్థ తరఫున వచ్చినాయన చిరునవ్వుతో "చెప్పమ్మా" అన్నాడు. ఆమె పాతదీ కొత్తదీ రెండు వాక్యాలూ గట్టిగా చదివి, "ఇదెందుకు మార్చారండీ?" అంది.

"కథ అదేనమ్మా. ఇవాళ్టి పిల్లలు తమను తాము చూసుకోవాలని చిన్న మెరుగులు దిద్దాం."

"ఏ పిల్లలండీ?"

"అందరూ."

కోపమొస్తే సాయిదుర్గ నోటికి ఇంటి మాట వచ్చేస్తుంది. "నాను పిల్లనే కదండీ అప్పుడు? నన్ను నాను సూసుకున్నాను కదా? ఇప్పుడు మా పేట పిల్ల ఈ పుస్తకం తెరిత్తే ఏటి సూసుకుంటాదండీ? ఎన్నెలా?"

హాల్లో ఎవరో "సెప్పులిప్పవే" అన్నారు. గొల్లున నవ్వారు. గోపి పరుగున వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని, "సాయీ, ప్లీజ్, మన గ్రూపు పరువు" అని కూర్చోబెట్టాడు. వెనక వరసలోనే.

సభ అయ్యాక ఆమె అట్టపెట్టెల దగ్గర నిలబడి ఉంటే ఒకమ్మాయి వచ్చింది. కవచం లేకపోవడంతో వెంటనే పోల్చుకోలేదు. నిఖిత.

"అక్కా, ఆ రోజు నన్ను ముందు నిలబెట్టారు కదా... నేనసలు పుస్తకాలు చదవలేదు. సినిమా చూసి వచ్చేశాను. మీ పుస్తకం ఒకసారి ఇస్తారా?"

సాయిదుర్గ ఇచ్చేసింది. తిరిగొస్తుందన్న నమ్మకం లేకుండానే ఇచ్చింది.

తర్వాతి ఆదివారం గోపి ఫోన్. "సాయీ, మీ పేట ఒడ్డున ఒక వీడియో తీద్దాం. 'ఉప్పుకోట' నిజమైన లొకేషన్ అని. మీ అమ్మగారు కూడా ఉంటే సూపర్."

రమ్మంది. పుస్తకాలు పోగుచెయ్యడం ఆపమని మొహం మీద అడుగుదామని రమ్మంది. గోపి కెమెరాతో దిగాడు. వీడియో సంగతి గ్రూపులో చూసి వెనకే నిఖిత కూడా వచ్చింది, చేతిలో పుస్తకం.

ఆ పొద్దున పెద్దవల లాగుతున్నారు. తెప్ప మీద తీసుకెళ్లి కడలిలో అర్ధచంద్రంలా వేసిన వలను, రెండు కొసల తాళ్లు పట్టుకుని ఒడ్డున ఉన్న జనం లాక్కొస్తారు. గోపి ఆ వరసకు అడ్డంగా నిలబడి షాటు పెట్టుకుంటుంటే ముసలి సూరన్న గదమాయించాడు. ఆయన సాయిదుర్గకు మేనమామ, వలకు పెద్ద.

"ఎవుడ్రా ఆ కెమెరా బాబు? అలగ సూత్తా నిలబడితే వల ఒడ్డుకొచ్చేత్తాదా? తాడట్టుకో!"

"తాతా, నేను వీడియో..."

"ముందు తాడు. తరవాత ఈడియో."

గోపి బూట్లతోనే ఇసకలో దిగబడ్డాడు. గంగాలమ్మ అతని కాళ్ల వంక చూసింది. అతను తనంతట తానే బూట్లు విప్పేశాడు. పేట ఆడాళ్లందరూ పగలబడి నవ్వారు. నిఖిత ఎప్పుడో తాడు పట్టేసింది. అరచేతులు ఎర్రబడ్డాయి, అయినా వదల్లేదు.

వల ఒడ్డుకొచ్చింది. ఎక్కువ పడలేదు. నెత్తళ్లు, కవ్వళ్లు లాంటి చిన్న చేపలు, నాలుగు పీతలు. సూరన్న ఇసక మీద కుప్పలు పోశాడు. చివర్లో రెండు చిన్న కుప్పలు పోసి "బాబూ, ఇదిగో నీ పాలు. ఆ పాపకి అది" అన్నాడు.

గోపి అర్థం కాక నిలబడ్డాడు. "నాకు వాటా ఎందుకు తాతా? ఊరికే కాసేపు లాగానంతే."

"తాడట్టావా నేదా?"

"పట్టాను."

"మరైతే నీ పాలు నీదే. అది ఎవుడి సెయ్యని సూత్తామేటి?"

గోపి మెల్లగా సాయిదుర్గ వైపు తిరిగాడు. 'ఉప్పుకోట' మూడో పుస్తకంలో నూకాలి కోట తలుపును కత్తితో కాదు, తాడుతో తెరుస్తుంది. ఊరంతా లాగుతుంది. దాహంతో చచ్చిపోతున్న శత్రు సైనికులు కూడా వచ్చి తాడు పట్టుకుంటారు. గెలిచాక నూకాలి వాళ్లకూ వాటా ఇస్తుంది. అభిమానులు దీన్ని 'తాడు నియమం' అంటారు. ఆ కథాలోకంలో అన్నిటికన్నా గొప్ప మాయ అదేనని వాళ్ల సిద్ధాంతం.

"సాయీ, ఇది... మూడో పుస్తకంలోది."

"ఊఁ."

"ఇది ఆవిడ కల్పించింది కాదా? నేను దీని మీద ఎంత పెద్ద వీడియో చేశానో తెలుసా? ఆ తాడుకు జ్ఞాపకశక్తి ఉంటుందనీ, తాకిన చేతుల్ని గుర్తుపెట్టుకుంటుందనీ..."

గంగాలమ్మ పీతను బుట్టలో వేస్తూ అంది. "తాడుకేటి బాబూ, అది నైలాను. గ్యాపకం మాకుంటాది."

"మరి ఇన్నాళ్లూ గ్రూపులో చెప్పలేదేం సాయీ?"

"ఇది మీ దగ్గర ఉండదని నాకేం తెలుసు గోపీ? మాకది రోజూ ఉండేదే."

అభిమానులు అన్నేళ్లు తలలు బద్దలు కొట్టుకున్న మాయ ఇదీ. పుస్తకంలో అన్నిటికన్నా నమ్మలేనిదిగా కనిపించింది నీళ్లలోంచి లేచే కోట కాదు. శత్రువు చేతికి కూడా వాటా ఇవ్వడం. అది ఈ మనుషుల దగ్గర ఉన్న పద్ధతి. ఆ మనుషుల్ని సినిమాలో తాగుబోతుల్ని చేశారు, వాళ్ల పిల్లను పుస్తకంలోంచి తీసేశారు.

సాయిదుర్గ అప్పుడే అడిగేసింది. "ఆ పెట్టెలు ఆపు గోపీ. ధన్యవాదాల పేజీలోంచి గ్రూపు పేరు తీసెయ్యమను. ఆ రెండు పనులూ నీ చేతిలోనే ఉన్నాయి."

గోపి కవరులో చేపలు పట్టుకుని, ఇసక కాళ్లతో, నేల చూశాడు. "చూద్దాం సాయీ. ఇప్పటికే మాటిచ్చేశాం కదా... ఆనందపురంలో కూడా కౌంటరు పెట్టేశారు. వీడియో మాత్రం అదిరిపోద్ది, నువ్వు చూడు."

వీడియో అదిరింది. 'షాకింగ్! తాడు నియమం నిజమే!' అని పెట్టాడు. ఎగబడి చూశారు. అందులో సూరన్న ఉన్నాడు, వల ఉంది, గోపి అరచేతుల మీద బొబ్బలు దగ్గరగా చూపించారు. నూకాలి పేరు మార్చారన్న మాట లేదు. పాత పుస్తకాలు ఇవ్వకండన్న మాట లేదు. గ్రూపులో 'సెప్పులిప్పవే' పోయి, గంగాలమ్మ మొహంతోనే 'గ్యాపకం మాకుంటాది' అని కొత్త స్టిక్కర్ వచ్చింది. సాయిదుర్గ దాన్ని చూసి నెత్తి కొట్టుకుంది. ఈ మనుషులతో ఏం చెయ్యాలో తెలీదు. తిట్టినా స్టిక్కరే, మెచ్చుకున్నా స్టిక్కరే.

నిఖిత మాత్రం పుస్తకం తిరిగిచ్చి రెండోది అడిగింది. ఇద్దరూ కలిసి దువ్వాడ కౌంటరు దగ్గరికి వెళ్లారు. పాత సెట్టు పట్టుకొచ్చిన ప్రతి మనిషినీ ఆపి, "పెట్టెలో వేసే ముందు మొదటి పేజీ ఒక్కసారి చదవండి" అని అడిగారు. కొందరు చదివి, కాసేపు నిలబడి, పుస్తకాలు మళ్లీ సంచీలో పెట్టుకుని వెళ్లిపోయారు. కొందరు "బొమ్మలు బాగున్నాయండీ కొత్తవాటిలో" అని వేసేశారు. శ్రీవల్లి అనే స్కూలు పిల్ల తల్లితో దెబ్బలాడి తన సెట్టు వెనక్కి లాక్కుంది. అయినా ఆ సాయంత్రానికి పెట్టె సగం నిండింది. ఆ పెట్టె ఆనందపురం వెళ్తుంది, అక్కణ్ణుంచి ఇంకో ఊరు, చివరికి కాగితం మిల్లు. సాయిదుర్గ సెలవు పెట్టగలిగిన రోజులు కొన్నే. అన్ని కౌంటర్ల దగ్గరా నిలబడడం ఆమె వల్ల కాదు.

కాబట్టి ఇది చదువుతున్న మిమ్మల్నే అడగాలి. మీ ఇంట్లో 'ఉప్పుకోట' పాత ముద్రణ ఉంటే ఇచ్చెయ్యకండి. పక్కింటి పిల్లకు చదవడానికివ్వండి. మీ ఊరి లైబ్రరీకి వెళ్లి పాత సెట్టు ఉందా అని అడగండి, అలా అడిగేవాళ్లున్నారని తెలిస్తే దాన్ని అంత తేలిగ్గా బయటికి పంపలేరు. మొదటి పేజీ మళ్లీ ఎప్పటిలా వెయ్యమని ప్రచురణకర్తలకు ఒక్క ముక్క రాయండి. మీరు గోపి గ్రూపులో ఉంటే గుర్రం పేరు కాసేపు పక్కన పెట్టి ఆ పెట్టెల సంగతి అడగండి. మీరు 'ఉప్పుకోట' చదివినవాళ్లు కాకపోతే, మీకు ఇష్టమైన కథలో ఇలా తెల్లగా మార్చేసిన పిల్ల ఎవరో వెతకండి, ఆమె తరఫున ఇదే పని చెయ్యండి. వేషాల పోటీలో నల్లటి పిల్ల నూకాలిగా వచ్చి నిలబడితే, వెనక వరసలోకి పంపబోయేవాళ్ల చేతిలోని మైకు మీరు తీసుకోండి.

వల ఇంకా నీళ్లలోనే ఉంది. ఒడ్డున ఇద్దరే లాగుతున్నారు. వచ్చి తాడు పట్టుకోండి.